నీడలో తొక్కి చూసిన మంచు

అనగనగా ఓ కొండ, పిల్లలూ. అడవి కూడా ఎక్కలేక సగంలోనే ఆగిపోయినంత ఎత్తు కొండ. దాని మీద ఏడాదిలో సగం మంచే. అక్కడ కొండమేకల మంద ఒకటుండేది. మందకి పెద్ద కొమ్ములయ్య అనే మేకపోతు. ఆ మందలోనే గౌరు అని ఓ తల్లిమేక. దానికి ఒక్కడే పిల్లాడు, బుడ్డోడు.

ఆ మందకో పద్ధతుంది. మంచువాలు దాటాలంటే ముందు మందపెద్ద తను నిలబడ్డచోటే మూడుసార్లు గిట్టతో గట్టిగా తొక్కుతాడు. కాలు దిగబడకపోతే అందరూ నడుస్తారు. ఇంక ఎవరూ నోరెత్తకూడదు. చలి బాగా ఉన్నన్నాళ్ళూ ఆ పద్ధతికి ఏ లోటూ రాలేదు.

ఆ ఏడు చలికాలం మధ్యలోనే ఎండలు కాసేశాయి. పొద్దు గుంకినా వెచ్చగానే ఉంటంది. ఇటువైపు మేత అయిపోయింది. వాలుకి అటుపక్క మంచు కరిగి పచ్చగడ్డి కనపడతంది.

"అమ్మా, ఆకలే" అన్నాడు బుడ్డోడు. గౌరు పొదుగులో చుక్క పాలు లేవు.

అప్పుడు మంచుకుందేలు బొరియలోంచి తల బయటపెట్టింది. ఒళ్ళంతా తడే.

"వదినా, వెళ్ళకండే. పైకి గట్టిగా కనపడతంది గానీ అడుగున నీళ్ళు పారుతున్నాయి. నా ఇల్లంతా కారిపోతంది. మళ్ళీ చలి పట్టేదాకా ఆగండి."

కొమ్ములయ్య పకపకా నవ్వాడు. "చెవులు మూరెడు, గుండె గింజంత! నీ ఇల్లు కారితే కొండ కూలుద్దా?"

అని, బండ పక్కన నీడలో నిలబడి తొక్కాడు. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. మంచు రాయిలా ఉంది.

గౌరుకి మనసొప్పలేదు. "మావా, మనం నడిచేది ఎండలో కదా. అక్కడ కూడా ఓసారి తొక్కి చూడవా?"

"పెద్ద తొక్కాక మళ్ళీ అడగడమేంటే? నీ భయంతో పిల్లాణ్ణి మాడ్చి చంపుతావా?"

ఆ మాట గుండెలో గుచ్చుకుంది. గౌరు పిల్లాడి డొక్క చూసింది. లోపలికంటా పీక్కుపోయుంది.

"వెళ్ళు నాన్నా. మావ వెనకాలే నడు. నేనొస్తున్నా" అంది.

బుడ్డోడు గెంతుకుంటా వెళ్ళాడు. మందంతా వాలు మధ్యకి చేరింది. కింద గుబుక్కుమని ఓ చప్పుడు. పైన మంచు అడ్డంగా చీలింది. అంతే నాయనా. వాలు వాలంతా కదిలి లోయలోకి జారిపోయింది.

గౌరు ఇంకా బండ మీంచి కాలు దింపలేదు.

తర్వాత దిగింది. గిట్టలతో తవ్వింది. కుందేలూ వచ్చి తవ్వింది. గిట్టలు చిట్లి నెత్తురొచ్చింది. "ఉండరా బుడ్డోడా, వస్తున్నా" అంటానే ఉంది. జారి పడ్డ మంచు బిగుసుకుపోయింది. జానెడు గుంత పడ్డాక ఇంక గోరంత కూడా ఊడి రాలేదు.

మర్నాడు చలి తిరిగొచ్చింది. కొండంతా గడ్డకట్టింది.

"వదినా, ఇప్పుడు దాటొచ్చు, రావే" అంది కుందేలు.

కొత్తమంచు పడతంది. గౌరు తను తవ్విన గుంత పూడిపోతుంటే చూస్తా అక్కడే నిలబడింది.

నీతి: నిలబడ్డచోటు గట్టిగా ఉందని, నడవబోయే చోటు కూడా గట్టిదే అనుకోకండి. ఒక్కరికి అనుమానమొచ్చినా, అడగనిచ్చి ఆగండి.