నీళ్ళకు దిగని సుగంధి వేరు

అనగనగా కొండవాలున ఒక ఊరు ఉండేది. ఊరంటే పెద్దదేం కాదు బంగారూ, ముప్పై గడపలు, వాటికి పదింతలు మేకలు. ఆ ఊళ్ళో ఓబుళమ్మ అని ఒకావిడ ఉండేది. మేకల గిట్టల్లో పుండ్లు పడితే మందు వేసేది. కొండమీద సుగంధి తీగ వేళ్ళు తవ్వి, దంచి, మూడు రోజులు సారాలో నానబెట్టి, దిగిన సారాన్ని నూనెలో కలిపి పూసేది. వాళ్ళమ్మ నేర్పిన మందు అది.

ఓబుళమ్మ మొగుడు చిన్నయ్య తాగి తాగి పోయాడు. దినాలు కాగానే ఆవిడ ఇంట్లో ఉన్న సారా కుండను పెంట మీద పారబోసింది. ఇక ఈ గడపలోకి చుక్క రాకూడదు అనుకుంది. మరి మందు సంగతి? గుణమంతా వేరులోనే ఉంటుంది, దేంట్లో నానబెడితే ఏముందిలే అనుకుంది. అప్పట్నుంచి నీళ్ళలో నానబెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళు వానల్లేవు, గిట్టలు పొడిగా ఉన్నాయి, ఎవరికీ తేడా తెలియలేదు.

మూడో ఏడు ముసురు పట్టుకుంది. దొడ్లన్నీ బురద. మేకల గిట్టల మధ్య చీము పట్టింది.

ఓబుళమ్మ మందు పూసింది. పుండు మానలేదు. అప్పుడు వేళ్ళను నీళ్ళలో మరిగించి ఆ కషాయం గిట్టల మీద పోసింది. పుండు రెండు రోజులు ఎండి మళ్ళీ చెమర్చింది. ఆ తర్వాత వేళ్ళు రెట్టింపు వేసి కాచింది, అదీ అంతే. ఈలోగా పుల్లన్న దొడ్లో తొమ్మిది మేకలు పోయాయి. ఓబుళమ్మకు హస్తవాసి పోయిందని మొదట అన్నది పుల్లన్నే. మెల్లగా ఆవిడా అదే నమ్మింది. నమ్మి, మందు వెయ్యడం మానేసింది.

అప్పుడు పట్నం కాలేజీ నుంచి నస్రీన్ అనే అమ్మాయి వేళ్ళ కోసం వచ్చింది. ఆ పిల్ల చదువే అది, ఏ వేరు రసానికి ఏ పురుగు చస్తుందో చూడటం. ఈ వేళ్ళలో ఇప్పుడేం లేదు పాపా, ఊరికే మోసుకుపోతావు అంది ఓబుళమ్మ. అయినా నస్రీన్ వేళ్ళు తీసుకుంది, ఒక మేక గిట్టలోంచి దూదితో చీము తీసుకుంది, వారం తర్వాత కాలేజీకి రమ్మని చెప్పి వెళ్ళింది.

వారం తిరిగాక ఓబుళమ్మ బస్సెక్కి వెళ్ళింది. నస్రీన్ ఒక గాజు మూకుడు చూపించింది. అందులో పేరుకున్న గంజిలాంటి పదార్థం, దానిమీద పల్చని తెల్లటి పొర. ఆ పొర గిట్టలోని పురుగే, కంటికి ఆనని పురుగు, కోట్ల కొద్దీ. ఆ గంజిలాంటి దాంట్లో మూడు గుంటలు. ఒకదాంట్లో వేరు నానిన చన్నీళ్ళు పోశారు, అక్కడ పొర గుంట అంచు దాకా వచ్చేసింది. రెండోదాంట్లో కషాయం, దాని చుట్టూ గోరంత ఖాళీ. మూడోదాని చుట్టూ బొటనవేలంత మేర గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

"వేరులో గుణం ఎక్కడికీ పోలేదవ్వా. అది నీళ్ళకు సరిగ్గా దిగదు. మూడోదాంట్లో పోసింది సారాలాంటి దాంట్లో నానబెట్టిన రసం," అంది నస్రీన్.

ఓబుళమ్మ గాజు మీదుగా ఆ మూడో గుంట పక్కన బొటనవేలు ఆనించి చూసుకుంది. ఆ తర్వాత బస్సెక్కి వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే, అందరూ చూస్తుండగా సారా అంగడికి నడిచింది. కుండ నింపించుకుని ఇంట్లోకి తెచ్చుకుంది. ఆ వాసన సోకకుండా ముక్కుకు కొంగు కట్టుకుని వేళ్ళు దంచింది. మూడు రోజులూ ఆ కుండ పక్కనే వండుకుంది, తింది, పడుకుంది. నాలుగోనాడు సారం వడకట్టి నూనెలో కలిపింది. వేరు సారం పడితే నూనె కూడా తొందరగా కనరు వాసన పట్టదు, చాన్నాళ్ళు నిలవుంటుంది.

పూసిన రెండోనాటికి చీము ఆగింది. ఆ తర్వాత ఈగలు పోయాయి. ఆ తర్వాత మేకలు కాలు నేల మోపాయి. ఓబుళమ్మకు హస్తవాసి తిరిగొచ్చిందన్నారు ఊళ్ళోవాళ్ళు. అప్పుడు పుల్లన్న కూడా కబురు పంపాడు.

ఓబుళమ్మ వెళ్ళింది. మందు గిన్నె కింద పెట్టి, పూయకుండా నిలబడింది.

"హస్తవాసి పోనూలేదు, రానూలేదు పుల్లన్నా. సారా మీద కోపంతో మందును నీళ్ళపాలు చేసింది నేను. నీ తొమ్మిది మేకలు పోయింది అందుకే."

పుల్లన్న ఖాళీగా ఉన్న గుంజల వైపు చూశాడు. అప్పుడు దొడ్డి మూలకు వెళ్ళి, కుంటుతున్న మేకను ఎత్తుకొచ్చి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, దాని గిట్ట ఆవిడ ముందుకు చాపి పట్టుకున్నాడు.

మేకలేమో దొడ్డికి,
వేళ్ళేమో మట్టికి,
కథేమో కంచికి,
కళ్ళేమో కునుక్కి.