గాలిమైలు

నాలుగు రూపాయల పెట్టుబడితో లక్కబొమ్మల వ్యాపారం మొదలుపెట్టిన గంగునాయుడు తుంగగెడ్డ జంక్షనులో ఉండేవాడు. లెక్కల్లో మహా చురుకు, కానీ లెక్క ఎటు తేలాలో ముందే అనుకుని కూర్చునేవాడు.

పొగబండ్ల రోజులవి. ఆ ఊళ్ళో గడియారాలు తక్కువ, ఈలలు ఎక్కువ. ఒక్కో డ్రైవరు ఒక్కో తీరుగా ఈల వేసేవాడు. డేనియల్ గారి ఈల కొండల దాకా సాగేది. అది వినబడితే ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టేవారు. మస్తాన్ సాహెబువి రెండు పొట్టి కూతలు. అవి వింటే బడిపిల్లలు పలకలు సర్దేసేవారు. ఉతికి ఆరేసిన బట్టల్లో కూడా బొగ్గుపొగ వాసన ఉండేది. అది వాసన అని ఎవరికీ తోచేదే కాదు.

డేనియల్ గారిది ఎర్రపట్టీ ఇంజను. మస్తాన్ సాహెబుది తెల్లపట్టీ ఇంజను. రెండూ ఒకే ఓడలో వచ్చాయి. రెండింటిలో ఏది ఎక్కువ వేగంగా పోతుందన్న దాని మీద ఊరు రెండుగా చీలిపోయింది. గంగునాయుడు ఎర్రపట్టీ వైపు. అతన్ని బొమ్మల బుట్టతో ప్లాట్‌ఫారం మీదికి మొదట రానిచ్చింది డేనియల్ గారి మాట మీదే మరి.

ఒక వేసవిలో మస్తాన్ సాహెబు నది వంతెన అవతల రెండు మైళ్ళు బండిని దూకించాడు. గంటకు యాభై ఎనిమిది మైళ్ళని తేలింది. తెల్లపట్టీ వాళ్ళు స్టేషనులో మిఠాయి పంచారు.

డేనియల్ గారు ఊరుకోలేదు. గంగునాయుణ్ణి పిలిచి తన జేబుగడియారం చేతిలో పెట్టారు.

"ఒరే గంగూ, నా బండికి నేనే గడియారం పడితే ఎవడు నమ్ముతాడ్రా? నువ్వు మొదటి పెట్టెలో కూర్చుని మైలురాళ్ళు చూడు. గాలిమైలు మీద చూపిస్తాను."

ఊరి పక్క గెడ్డవాగు దాటాక వచ్చే ఒక మైలుకు గాలిమైలని పేరు. అక్కడికి రాగానే ఏ బండికైనా రెక్కలు వస్తాయని, కొండ సందులోని గాలి వెనక నుంచి తోస్తుందని డ్రైవర్లంతా నమ్మేవారు. వెళ్ళేటప్పుడూ తోస్తుంది, వచ్చేటప్పుడూ తోస్తుంది. ఒకే గాలి రెండు వైపులా ఎలా తోస్తుందని ఎవరూ అడగలేదు. లెక్కల గంగునాయుడు కూడా అడగలేదు.

ఆ రోజు ఎర్రపట్టీ నిప్పులు కక్కుతూ పోయింది. కంట్లో బొగ్గునలుసు పడినా గంగునాయుడు కిటికీ వదల్లేదు. రెండో రాయి దాటేసరికి సెకన్ల ముల్లు నిమిషాన్ని వెంట్రుకంత దాటింది. అతను ఆ వెంట్రుకను పట్టించుకోలేదు.

"సరిగ్గా నిమిషం! గంటకు అరవై!" అని కేక పెట్టాడు.

"నీ బండిని చూస్తే మైలుకు సిగ్గేసి ముడుచుకుపోతుందేమో డేనియల్!" అన్నాడు స్టేషనులో మస్తాన్ సాహెబు.

"ముడుచుకుంటే నీ బండికీ ముడుచుకోవాలిగా? నీ మొహం నచ్చలేదేమో!" అన్నారు డేనియల్ గారు.

గడియారాన్ని డేనియల్ గారు గంగునాయుడి దగ్గరే ఉంచేశారు. ఆ రోజు నుంచి అతను ఎర్రపట్టీ ఇంజను బొమ్మలే చేశాడు. ప్రతి బొమ్మ పక్కభాగం మీదా 60 అని తెల్లరంగుతో వేశాడు. పిల్లలు దానికి దారం కట్టి వీధుల్లో ఈడ్చేవారు. బుట్ట నిండుగా వెళ్ళి ఖాళీగా వచ్చేది.

కొన్నేళ్ళకు పెద్ద పెద్ద కొత్త ఇంజన్లు వచ్చాయి. పాతవి రెండూ షెడ్డులో పక్కపక్కన నిలబడ్డాయి. వాటిలో వేగంలో గెలిచినదాన్ని స్టేషను ముందు గుర్తుగా నిలబెడతామని, రెండోదాన్ని కరిగించడానికి పంపేస్తామని పైవాళ్ళు చెప్పారు. ఆదివారం ఇంజనీరు గారు వచ్చి తేలుస్తారు.

"ఇంకేటి తేల్చేది? అరవై ముందు యాభై ఎనిమిది ఏపాటి!" అని గంగునాయుడు నవ్వాడు. ఆదివారం సందడికి బొమ్మలు ఎక్కువ కావాలి కదా అని అంకుడు కర్ర కోసం గెడ్డ అవతలి అడవికి వెళ్ళాడు.

అక్కడ తుప్పల మధ్య ఒక పాత మట్టికట్ట కనబడింది. అది గాలిమైలు దగ్గర రైలుదారి పక్క నుంచి మొదలై, విల్లులా వంగి, ముందుకు పోయి మళ్ళీ రైలుదారిలోనే కలిసింది. మధ్యలో గెడ్డ పాయ దగ్గర విరిగిన వంతెన స్తంభాలున్నాయి. తాను పుట్టకముందు తుఫానుకు గెడ్డ పొంగి రైలుదారి కొట్టుకుపోయిందని అతను విన్నాడు. తర్వాత దారిని తిన్నగా వేశారన్న మాట. మైలురాళ్ళు మాత్రం పాతచోటే ఉండిపోయాయి!

గంగునాయుడు కర్ర మాట మరచి రైలుదారి మీదికి ఎక్కాడు. రాయి నుంచి రాయి దాకా రైలుపట్టాలు లెక్కపెడుతూ నడిచాడు. ఒక్కో పట్టా పన్నెండు గజాలు. మైలుకు ఏడు పట్టాల పైచిలుకు తక్కువ వచ్చింది. ఎనభై ఎనిమిది గజాలు! గాలీ లేదు, రెక్కలూ లేవు. మైలే పొట్టిది.

దారి పొడుగునా లెక్క వేశాడు. ఎన్నిసార్లు వేసినా ఎర్రపట్టీ వేగం యాభై ఏడు దాటలేదు. ఆ వెంట్రుకను కూడా కలిపితే యాభై ఏడు కూడా లేదు. 'రాళ్ళు పాతింది నేనా? నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?' అనుకున్నాడు. చెబితే ఎర్రపట్టీ కొలిమిలోకి పోతుంది. చెప్పకపోతే తెల్లపట్టీ పోతుంది. దాని తప్పేముంది? అది పరుగెత్తినంతే చెప్పుకుంది.

ఆదివారం షెడ్డు ముందు ఊరంతా చేరింది. డేనియల్ గారు ఇస్త్రీ కోటు వేసుకుని వచ్చారు. మస్తాన్ సాహెబు తెల్లపట్టీ చక్రం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఆ రోజు గడియారం పట్టింది నువ్వేనా? అరవై ఖాయమేనా?" అని ఇంజనీరు గారు గంగునాయుణ్ణి అడిగారు.

"గట్టిగా చెప్పరా గంగూ!" అని ఎర్రపట్టీ వాళ్ళు కేకలు వేశారు.

గంగునాయుడు డేనియల్ గారి వైపు చూడలేకపోయాడు. తల వంచుకుని, "కాదు బాబూ. ముల్లు నిమిషం దాటింది. నేను తగ్గించి చెప్పాను. పైగా ఆ మైలు మైలు కాదు" అన్నాడు. పాత కట్ట సంగతి, పట్టాల లెక్క చెప్పాడు.

ఎర్రపట్టీ వాళ్ళు ముందుకు తోసుకొచ్చారు. వాళ్ళలో ఎవరో, "వీడు గంగునాయుడు కాదర్రా, గాలినాయుడు!" అన్నారు. ఆ పేరు వెంటనే అతుక్కుపోయింది.

ఇంజనీరు గారు కొలతగొలుసు వేయించి గాలిమైలునూ, వంతెన అవతలి రెండు మైళ్ళనూ కొలిపించారు. గంగునాయుడి లెక్క నిజమని తేలింది. వంతెన అవతలి మైళ్ళు నిండు మైళ్ళే. డేనియల్ గారు గంగునాయుడి దగ్గరికి వచ్చారు. చెయ్యి చాచి తన గడియారం తాను తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

ఎర్రపట్టీని తీసుకుపోయే రోజు వచ్చింది. దాని కడుపులో నిప్పు లేదు, అందుకని ఈల లేదు. కొత్త ఇంజను దాన్ని వెనక కట్టుకుని కదిలింది. డేనియల్ గారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు షెడ్డులోంచి ఒక ఈల లేచింది. మస్తాన్ సాహెబు ఆఖరుసారి తెల్లపట్టీలో నిప్పు రాజేసి ఉంచాడు. కానీ రెండు పొట్టి కూతలు కుయ్యలేదు. డేనియల్ గారి ఈలను, కొండల దాకా సాగే ఆ ఈలను, ఆగకుండా వేశాడు.

ఊళ్ళో ఆడవాళ్ళు అలవాటు చొప్పున ఎసరు పెట్టేశారు.

గంగునాయుడి ఇంట్లో ఎర్రపట్టీ బొమ్మలు గుట్టగా మిగిలిపోయాయి. పిల్లలు కూడా వాటివైపు చూడడం మానేశారు. ఒక రోజు డేనియల్ గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఒక బొమ్మ ఇవ్వరా. ఆ అరవై చెరిపి, ఉన్నది వెయ్యి."

"యాభై ఏడు కూడా నిండా లేదు బాబూ."

"అయితే యాభై ఆరని వెయ్యి. ఆ యాభై ఆరూ అది నిజంగా పరుగెత్తిందిరా. దొంగ మైలు మీద నిలబెట్టి ఉంటే, దాని ముందు నుంచి నడిచినప్పుడల్లా నా తల వంగేది" అన్నారు ఆయన. బొమ్మ అందుకుని గుమ్మంలోనే ఆగారు. "కొత్త ఇంజను డెబ్బై అయిదు పోతుందని ఊదరగొడుతున్నారు. విన్నావా?"

"విన్నాను. అంకె వేసి బొమ్మలు తెమ్మని అందరూ అడుగుతున్నారు."

డేనియల్ గారు జేబులోంచి గడియారం తీసి అతని చేతిలో పెట్టారు. "ముల్లు ఎక్కడుంటే అక్కడే చూడు."

మర్నాడు తెల్లవారగానే గంగునాయుడు రంగుల గిన్నెలు మూసి పెట్టాడు. గడియారం జేబులో వేసుకున్నాడు. కొత్త ఇంజను పరుగెత్తే మైళ్ళను ముందు తానే కొలవాలని, కొలిచే తాడు భుజాన వేసుకుని గుమ్మం దిగాడు.

ఎంత ఇష్టమైనవాళ్ళ కోసమైనా కొలతను సాగదీయకూడదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన చిన్న అంకెలో ఉండే గౌరవం, లేనిది కలిపిన పెద్ద అంకెలో ఉండదు.