అంకమ్మ చాప

వెనకటికి, సముద్రం ఊరికి ఇప్పటికంటే దగ్గరగా ఉన్న రోజుల్లో, గుర్రాలరేవు అని ఒక రేవు ఉండేది. అక్కడ చెట్లు తక్కువ, ఇసుక ఎక్కువ. ముందు ఇసుక, వెనక ఇసుక, గాలి లేచిందంటే అన్నంలోనూ ఇసుకే. ఏడాదికోసారి ఆ రేవుకు పెద్ద ఓడల మీద గుర్రాలు వచ్చేవి. ఏ దేశం నుంచి వచ్చేవో వాటికే తెలియాలి. మనకు తెలిసింది ఒకటే. దిగగానే అవి సముద్రం వైపు తిరిగి నిలబడేవి. గడ్డి వేస్తే ముట్టవు, నీళ్లు పెడితే తాగవు. వచ్చిన దారి వైపే చూపు.

"దిగులు పెట్టుకున్నాయి," అనేవారు రేవువాళ్లు.

దిగులు పోవాలంటే గుర్రానికి ఈ నేల రుచి తెలియాలని వాళ్ల నమ్మకం. అందుకని కొత్తగా దిగిన గుర్రానికి గంపలో మేత పెట్టేవారు కాదు. ఉడికించిన ఉలవలు తెచ్చి వట్టి ఇసుక మీద కుమ్మరించేవారు. దాన్ని నేలమేత అనేవారు. ఉలవలతో పాటు కాస్త ఇసుక కడుపులోకి పోతే ఆ గుర్రం ఇక ఈ నేలదే, మళ్లీ సముద్రం వైపు చూడదు అనేవారు. అలలు కడిగిన ఇసుక కదా, అంతకన్నా శుభ్రమైనది ఏముంటుంది అని కూడా అనేవారు.

కొన్ని గుర్రాలు కుదుటపడేవి. కొన్ని పడేవి కావు. కొన్నాళ్లకు అవి తల వెనక్కి తిప్పి చూసేవి. కాలితో నేల తవ్వేవి. పడుకుని పొర్లేవి. చివరికి లేచేవి కావు.

"తల తిప్పింది, ఇల్లు గుర్తొచ్చింది. నేల తవ్వింది, వెళ్లిపోతానంది. పొర్లింది, ఏడ్చింది," అని చెప్పుకునేవారు రేవువాళ్లు. చెప్పుకుని, మిగిలిన గుర్రాలకు మరో గంప ఉలవలు ఇసుక మీద పోసేవారు.

ఆ గుర్రపుసాలకు గడ్డి కోసి తెచ్చే మనిషి అంకమ్మ. మొగుడు పోయాడు. మూడేళ్ల కూతురుంది, పేరు పోలి. ఆ పిల్ల తల్లి దగ్గర లేదు. బండి మీద మూడు రోజుల దూరంలో, నల్లరేగడి మెట్ట ఊళ్లో, అమ్మమ్మ దగ్గర ఉంది. మెట్టలో అంకమ్మకు పని లేదు. పని ఉన్న రేవులో పిల్లకు చోటు లేదు. గుర్రపుసాల పెద్దను సాహిణి అంటారు. ఆ సాహిణి రేచయ్య పెట్టిన కట్టడి అది. గిట్టల మధ్యకు పసిపిల్లలు రాకూడదు.

అంకమ్మకు అన్నిటికీ భయమే. కోసిన గడ్డిని ఒకసారి దులిపేది, రెండోసారి దులిపేది, మూడోసారి వాగు నీళ్లలో జాడించేది. సాలలో వాళ్లు నవ్వేవారు.

"అంకమ్మా, తల కూడా దువ్వి జడ వేసి తేరాదా ఆ గడ్డికి?"

"మీ అమ్మ నీకు తోటకూర కడగకుండానే వండి పెట్టిందేమోరా. అందుకే నోట్లోంచి ఇట్లాంటి మాటలు వస్తున్నాయి," అనేది అంకమ్మ.

ఉప్పు బండి గురవయ్య నెలకోసారి మెట్టకు పోయి వచ్చేవాడు. అతని చేత అంకమ్మ కూతురికి జొన్నలు పంపేది. బండి తిరిగి రావడం ఆలస్యం, ఎదురు పోయి మూడు మాటలు అడిగేది.

"తిన్నదా అన్నా? ఏం తిన్నది? దేని మీద తిన్నది?"

"తిన్నదమ్మా. సంకటి తిన్నది. దేని మీదంటే, విస్తరాకులో పెట్టక నా తలపాగాలో పెడతారా?"

"నువ్వు చూశావా?"

"చూశాను చెల్లెమ్మా. కాస్త మంచినీళ్లన్నా ఇచ్చి అడుగు."

ప్రతి నెలా అదే. ఎండలో అదే, వానలో అదే. తిన్నదా? ఏం తిన్నది? దేని మీద తిన్నది?

ఒక నెల గురవయ్య బండి దిగి, అంకమ్మ అడగక ముందే తల వంచుకున్నాడు.

"ఇప్పుడు బాగుంది. ముందే చెబుతున్నాను, బాగుంది. కానీ నడుమ నాలుగు రోజులు బాగాలేదు. పిల్ల గోడ మూలన కూర్చుని మన్ను తిన్నది. ఎవరూ చూడలేదు. పొట్ట బిగిసింది. తల వంచి పొట్ట వైపు చూసుకోవడం, మూలగడం, పడి దొర్లడం. ఊళ్లో వాళ్లు తల్లి కోసం బెంగ అన్నారు. దిష్టి తీయమన్నారు. మీ అమ్మ ఒప్పుకోలేదు. బెంగ బెంగే, మన్ను మన్నే, బెంగకు నేనేం చేయలేను, మన్ను దింపుతాను అంది. ఇసపగోల గింజలు నీళ్లలో వేస్తే జిగురుగా ఉబ్బుతాయి కదా, ఆ జిగురు జావ మూడు రోజులు పట్టించింది. మూడో రోజుకు దిగింది. ఇప్పుడు చాప వేసి, చాప మీదే కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది."

అంకమ్మ మంచినీళ్ల చెంబు అతని చేతికిచ్చి, గడ్డిమోపు ఎత్తుకుని సాలకు నడిచింది. కళ్ల ముందు పిల్లే ఉంది. తల వంచి పొట్ట వైపు చూసుకునే పిల్ల.

సాలలో అందరూ ఒక ఆడగుర్రం చుట్టూ మూగి ఉన్నారు. దాని పేరు మబ్బు. ఆ ఏడు వచ్చిన వాటిలో దాన్ని మించింది లేదు. రేచయ్య దానికి తన చేత్తో మాలీషు చేసేవాడు. అది తల వెనక్కి తిప్పి చూస్తోంది. కాలితో నేల తవ్వుతోంది.

"దీనికీ ఇల్లు గుర్తొచ్చింది," అన్నాడు రేచయ్య. "నేలమేత పోయండి. ఇంకో గంప పోయండి."

అంకమ్మ మోపు కింద పడేసింది.

"అయ్యా, దాన్ని ఒక్కసారి సముద్రం వైపు తిప్పండి."

"ఎందుకు?"

"తిప్పండయ్యా. తర్వాత తిట్టండి."

తిప్పారు. ఇప్పుడు సముద్రం గుర్రానికి ఎదురుగా ఉంది. మబ్బు సముద్రాన్ని చూడలేదు. తల వెనక్కి తిప్పి తన డొక్క వైపు చూసుకుంది.

"ఇల్లు ముందుంటే వెనక్కెందుకు చూస్తుందయ్యా?" అంది అంకమ్మ. "నా కూతురు ఇట్లాగే చూసిందట. దీనికి కడుపులో నొప్పి."

అంకమ్మ వంగి, ముందుకాళ్ల వెనగ్గా, పొట్ట అడుగున చెవి ఆనించింది. చాలాసేపు విని రేచయ్యను పిలిచింది.

"వినండయ్యా. సముద్రం."

రేచయ్య విన్నాడు. సుయ్‌మని, మళ్లీ సుయ్‌మని, అల వెనక్కి పోతూ ఇసుకను ఈడ్చిన చప్పుడు.

"సముద్రం పక్కనే ఉంటే వినిపించదా మరి?"

"రెండో చెవి మూసుకుని వినండి."

మూసుకుని విన్నాడు. అల చప్పుడు పోలేదు. గుర్రం కడుపులోంచే వస్తోంది. ఆయన లేచి నిలబడ్డాడు.

అంకమ్మ కుండెడు నీళ్లు తెచ్చింది. మబ్బు వేసిన లద్దె అందులో వేసి, కలిపి, తేరనిచ్చింది. పైన పీచు తేలింది. మెల్లగా నీళ్లు ఒంపేసి కుండ అడుగున చెయ్యి పెట్టింది. గుప్పెడు ఇసుక వచ్చింది. అదే రేవు ఇసుక. అలలు కడిగిన ఇసుక.

"దిగులు ఉంటే ఉందయ్యా. దాన్ని మనం తీయలేం," అంది అంకమ్మ. "ఇసుక మనం పెట్టిందే. అది తీయొచ్చు."

రేచయ్య ఆ గుప్పెడు ఇసుకను తన చేతిలో పోయించుకుని చూశాడు. ఎన్ని గుర్రాలు గుర్తొచ్చాయో ఆయనకే తెలియాలి.

"ఇది బతికితే నీకేం కావాలో అడుగు అంకమ్మా."

"నా బిడ్డను తెచ్చుకుంటాను. మీ కట్టడి తీసేయండి."

"తీసేస్తాను."

మూడు రోజులు అంకమ్మ సాల దాటలేదు. నేలమేత ఆపించింది. ఇసపగోల జావ కాచి, కొద్దికొద్దిగా పట్టించింది. గుర్రాన్ని మెల్లగా నడిపించింది. నీళ్లు మళ్లీ మళ్లీ చూపించింది. మొదటి రోజు కుండలో గుప్పెడు ఇసుక. రెండో రోజు రెండు గుప్పెళ్లు. ఆ రోజు మబ్బు పడుకుంటే అందరూ ఆశ వదులుకున్నారు. అంకమ్మ దాని చెవిలో అడుగుతూనే ఉంది. తిన్నావా తల్లీ? ఏం తిన్నావు? దేని మీద తిన్నావు? మూడో రోజు పొద్దున దోసెడు ఇసుక పడింది. మబ్బు లేచి, ఒళ్లు దులుపుకుని, గడ్డిమోపు కోసం మెడ చాచింది. రేచయ్య గడ్డి తీసి నేల మీద వేయబోయాడు.

"ఆగండి," అంది అంకమ్మ. తను పడుకునే ఈతచాప తెచ్చి పరిచింది. "ఇప్పుడు వేయండి."

మరునాడే అంకమ్మ ఉప్పు బండి ఎక్కింది. మూడు రోజుల దారి. దారంతా గురవయ్యతో ఒకటే మాట, పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలి, ఎక్కడ ఆడించాలి, తడక ఎంత ఎత్తు కట్టాలి అని.

"గుర్రాలు కూడా ఇన్ని మాటలు మోయవు చెల్లెమ్మా," అన్నాడు గురవయ్య.

పోలి వాకిట్లో చాప మీద కూర్చుని సంకటి తింటోంది. అంకమ్మను చూసి లేచి అమ్మమ్మ కొంగు వెనక్కి పోయింది.

మొదటి రోజు దగ్గరికి రాలేదు. రెండో రోజు దూరంగా కూర్చుని చూసింది. మూడో రోజు వచ్చి పక్కన కూర్చుని, అంకమ్మ కొంగు చివర పట్టుకుని చూసి, "ఇందులో ఇసుక ఉంది," అంది. అంకమ్మ నవ్వింది. ఎత్తుకుని బండి దగ్గరకు నడిచింది. పిల్ల వెనక్కి తిరిగి అమ్మమ్మ కోసం చేతులు చాచింది. ఏడవలేదు. తల తిప్పి చూస్తూనే ఉంది.

అంకమ్మ ఆగిపోయింది. ఆ చూపు ఆమెకు తెలుసు. ఇది పొట్ట వైపు చూపు కాదు. ఇది నిజంగా దిగులు చూపే.

"నా కోసం ఒకసారి మన్ను తిన్నది," అంది తల్లితో. "ఇప్పుడు నీ కోసం ఇంకోసారి తినాలా? అక్కడ ఎటు చూసినా ఇసుకేనమ్మా. గుర్రం డొక్క అంటే పెద్దది. దీని పొట్ట ఎంత?"

పిల్లను అమ్మమ్మ చేతికిచ్చింది. ఖాళీ ఒడితో బండి ఎక్కింది. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. గురవయ్య కూడా హాస్యమాడలేదు.

ఆ తర్వాత రేవులో నేలమేత పోయింది. ప్రతి గుర్రం ముందూ చాప వచ్చింది. ఖాళీ కడుపుతో గుర్రాన్ని ఇసుక మీదికి వదిలితే అంకమ్మ ఊరుకునేది కాదు. ముందు గడ్డి, తర్వాతే తిరుగుడు. వారానికోసారి కుండలో లద్దె కలిపి అడుగు చూసేది. దిగిన గుర్రాలు సముద్రం వైపు చూస్తూనే ఉండేవి. చూస్తే చూడనివ్వండి అనేది అంకమ్మ. వాటి పక్కన నిలబడి తాను మెట్ట వైపు చూసేది.

వీలు చిక్కినప్పుడల్లా ఈతాకు కోసి చాపలు అల్లేది. రెండు గుర్రాలకు, ఒకటి పోలికి. రెండు గుర్రాలకు, ఒకటి పోలికి. పిల్ల పెరిగిన కొద్దీ చాప పెద్దదయ్యేది. ఎంత పెరిగిందో గురవయ్య చేత్తో చూపిస్తే దాన్ని బట్టి అల్లేది. అతను చెయ్యి ఎత్తలేనంత ముసలివాడయ్యాక అతని కొడుకు చూపించేవాడు.

ఒక వానాకాలం, సగం అల్లిన చాప ఒళ్లో ఉండగానే అంకమ్మ కన్ను మూసింది.

కబురు మూడు రోజులు పోయింది. పోలి మూడు రోజులు వచ్చింది. అప్పటికి ఆమె ఇద్దరు బిడ్డల తల్లి. సాల ముందు బండి దిగింది. లోపల, ఆ చివర నుంచి ఈ చివరకు, ప్రతి గుర్రం ముందూ ఒక చాప. అంచు మూడు పేటల అల్లిక. తన ఇంట్లో ఉన్న చాపల అంచు కూడా అదే. ఆమె ఆ అంచు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

రేచయ్య అప్పటికి కళ్లు సరిగా కనిపించని ముసలివాడు. కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. ఎవరని అడగలేదు.

"తిన్నావా తల్లీ?" అన్నాడు.

"తిన్నాను తాతా."

"ఏం తిన్నావు?"

"దారిలో సద్ది తిన్నాను."

"దేని మీద తిన్నావు?"

పోలి చేతిలోని చాప అంచును నిమిరింది. "అమ్మ పంపిన చాప మీద. నేను ఎప్పుడూ దాని మీదే తిన్నాను."

"అయితే సరే," అన్నాడు రేచయ్య. "అదొక్కటే తెలియాలి మీ అమ్మకు."

పోలి రేవులో మూడు రోజులు ఉంది. తల్లి సగంలో వదిలిన చాపను పూర్తి చేసింది. అందరికన్నా చిన్న గుర్రం ముందు పరిచి, మెట్టకు వెళ్లిపోయింది.

ఇప్పుడు అక్కడ రేవు లేదు. ఓడలు లేవు, గుర్రాలు లేవు. ఇసుక మాత్రం ఉంది. ఆ తీరంలో కొత్త దూడ వచ్చినా, కొత్త కోడలు వచ్చినా మొదటి ముద్ద నేల మీద పెట్టరు. చాప పరిచి పెడతారు. పసిబిడ్డ ఏడిస్తే పొట్టకు చెవి ఆనించి, సముద్రం ఉందేమో చూడండి అంటారు పెద్దవాళ్లు. దూరం పోయే బిడ్డ మూటలో ఏం పెట్టినా పెట్టకపోయినా మూడు పేటల అంచున్న చిన్న చాప ఒకటి పెడతారు.

బిడ్డల దగ్గర నుంచి ఎవరు వచ్చినా, కాళ్లు కడుక్కోనివ్వకుండా ఎదురు పోయి అడుగుతారు. తిన్నదా? ఏం తిన్నది? దేని మీద తిన్నది? చాప మీదే అని వచ్చినవాళ్లు చెబుతారు. అప్పుడు గాని వాళ్లకు మంచినీళ్ల చెంబు ఇవ్వరు.