పేరు చెప్పని నక్క

అయ్యలారా, అమ్మలారా, వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. సకల ప్రాణుల్నీ కనిపెట్టుకునే ఆ నారాయణుడికి ఒక్క దండం పెట్టుకుని, గుండె దిటవు చేసుకుని వినండి.

ఒక అడవిలో జంతువులకో ఆసుపత్రి. దానికి ఏనుగు సూపరింటెండెంటు, గేదె హెడ్ నర్సు. మిగిలిన నర్సులంతా మేకలే, ఒక్క కొంగ తప్ప. అక్కడ చేరినవాళ్ల పుళ్లు ఓ పట్టాన మానడం లేదు. కారణం కనిపెట్టే పని ఏనుగు నక్కకి అప్పజెప్పింది.

నక్క వార్డులోకి వచ్చి చేతులు జోడించింది. "సిస్టరమ్మలూ, ఇది పరిశోధన. మనసులో ఉన్నది చెప్పండి."

"పరిశోధనా? విచారణకి పెట్టిన ముద్దుపేరు కాదు కదా?" అంది గేదె.

"ఎంత మాట పిన్నీ! ఎవరి పేరూ బయటపెట్టను. దేవుడి మీద ఒట్టు!"

దేవుడి మాట వినగానే కొంగ మెత్తబడింది. "నా వార్డంతటికీ నేనొక్కదాన్నే నక్క బావా. ఎలుగుబంటికి ఎక్కించే సెలైన్ దగ్గర నేను నిలబడితే, కుందేలు కట్టు మార్చే వేళ దాటిపోతోంది. పుండు చీము పట్టక ఏం చేస్తుంది?"

"చల్లని తల్లివి!" అంటూ నక్క వెళ్లిపోయింది.

మర్నాడు సభ. నక్క గొంతు సవరించుకుంది.

"ప్రభూ, కుందేలు కట్టు వేళకి మార్చలేదని ఒక నర్సే ఒప్పుకుంది. పేరు చెప్పను, ఒట్టేశాను. తెల్లగా ఉంటుంది, పొడుగు ముక్కు, ఒంటికాలి మీద నిలబడుతుంది."

మేకల తలలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. కొంగ ఎత్తిన కాలు దించడం మరిచిపోయింది.

"ఒక్కదాన్నే ఉన్నానన్న మాట ఏమైంది బావా?"

"అది పరిశోధనకి అక్కర్లేదులే."

ఏనుగు ఘీంకరించింది. "రేపే రాళ్లగుట్టకి బదిలీ!"

రాళ్లగుట్ట మీద చుక్క నీరుండదు. కొంగ గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలు. దేవుడి మీద వేసిన ఒట్టు ఇలా గొంతు కోస్తుందని ఎవరనుకుంటారమ్మా!

అప్పుడు గేదె లేచింది. "దొరా, పరిశోధనకి నాదీ ఒక మాట. నేనూ పేరు చెప్పను. మొన్న ఒకడు ఆసుపత్రికి వచ్చాడు. కుచ్చు తోక, నిక్కిన చెవులు. కాన్పుల వార్డు దగ్గర తచ్చాడుతూ..."

"అబద్ధం!" నక్క ఎగిరిపడింది. "నెమలి గుడ్లన్నీ నేను తినలేదు! నేను వెళ్లేసరికే ఒకటి పగిలి ఉంది!"

గేదె నోరు తెరిచేసింది.

"నేను చెప్పబోయింది కాలికి ముల్లు దిగి, చూసే నర్సు లేక తిరిగిన ఉడత సంగతిరా నాయనా! గుడ్లేమిటి?"

నెమలి కెవ్వుమంది. నక్కని అడవి దాటేదాకా తరిమారు. కొంగ బదిలీ రద్దయింది. ఆ వార్డుకి రెండో నర్సుని మాత్రం ఎవరూ వెయ్యలేదు.

కొన్నాళ్లకి అదే పరిశోధనకి జింక వచ్చింది. పాపం, నిజంగా తెలుసుకోవాలనే వచ్చింది. అది గుమ్మంలో కనబడగానే నర్సులంతా తలో థర్మామీటరూ తమ నోట్లోనే పెట్టుకున్నారు.

"అయ్యో, అందరికీ జ్వరమేనా?"

కొంగ అవునన్నట్టు తలూపింది.

ఈ నర్సులకి పరిశోధనంటే ఎందుకింత అయిష్టమో అని ఏనుగు ఇప్పటికీ తల పట్టుకుంటోంది. కుందేలు పుండు ఇప్పటికీ మానలేదు.

నీతి: నిజం చెప్పినవాళ్లని కాపాడలేనివాడికి, నిజం అడిగే హక్కు లేదు.