దిగులు సుంకులి దిడ్డి

కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని కాలంలో, అనగనగా ఒక రాతిమిద్దె ఉండేది. వాకిలి దాటితే పడసాల, పడసాలను ఆనుకుని గడ్డికొట్టం, దాని వెనక గాదెల గది, చిట్టచివర పశువుల కొట్టం. అన్నీ ఒకదాని వీపుకు ఒకటి అంటుకుని ఉండేవి. లోపలికైనా బయటికైనా దోవ ఒక్కటే, ముందు వాకిలి.

ఆ ఇంట్లో పేడ ఎత్తే ఆడమనిషి సుంకులి. ఉరిమితే దిగులు, ఉరమకపోతే దిగులు. ఊరంతా దిగులు సుంకులి అనే పిలిచేది.

ఇంటికి పునాది తవ్వినప్పుడే ఆమె ఇంటి యజమాని కంబిరెడ్డిని అడిగింది.

"ముందర నిప్పంటుకుంటే ఎనకున్న జీవాలు యాడికి పోవాల రెడ్డీ? కొట్టం ఎనక గోడకు ఒక దిడ్డి వాకిలి పెట్టించు సామీ."

"దిడ్డి పెడితే దొంగను పిలిచినట్టే. అయినా రాయి కాలుతుందా, పిచ్చిదానా?"

"రాయి కాలదు రెడ్డీ, గడ్డి కాలుతుంది."

గోడ భుజమెత్తు లేచినప్పుడు అడిగింది. మిద్దె కప్పు పడినప్పుడు అడిగింది. మూడు మార్లూ రెడ్డి నవ్వినాడు.

ఏండ్లు గడిచినాయి. రెడ్డి కోడలు ఈరమ్మకు పుట్టింట్లో ఎవరూ లేరు. ఇక్కడే బిడ్డను కనింది. గాదెల గదిలో పురిటి మంచం వేసినారు. ఇంక సుంకులికి అన్నం దిగలేదు. నడుమ గడ్డి, ఎనక పచ్చిబాలింత.

పేడ ఎత్తేటప్పుడు కొడవలి మొనతో కొట్టం ఎనక గోడను గోకడం మొదలుపెట్టింది. ఆ గోడలో ఒక పొడుగుబండ అడ్డంగా ఉంది. దాని కింది రాళ్ల సందుల్లో మట్టి రోజుకింత తీసేది, తీసినచోట పేడ మెత్తేది. రెడ్డి చూస్తే తరిమేస్తాడని దిగులు. చూడకపోతే గోడ కూలి ఆ పాపమూ తనకే చుట్టుకుంటుందని దిగులు.

ఒకనాడు రెడ్డి చూడనే చూసినాడు.

"తిన్నింటికే కన్నం పెడతావా? పో! మళ్లీ నా వాకిలి తొక్కొద్దు."

సుంకులి కొడవలి అక్కడే పెట్టి వాకిలి దాటింది. ఎండలో చేనుగట్టు పట్టుకుని నడిచింది. గట్టు చివర తిరిగి చూస్తే, మిద్దె మీద పొగ.

పడసాలలోని పొయ్యి నుంచి నిప్పురవ్వ గాలికి లేచి గడ్డిలో పడింది. పడసాలంతా మంట. వాకిట్లో జనం కేకలు. లోపలికి పోయే దారి లేదు. సుంకులి వాకిలి దిక్కు చూడనైనా లేదు. ఎనక గోడ దగ్గరికి ఉరికింది. ఒక రాయి లాగింది. ఇంకో రాయి లాగింది. మూడో రాయికి గోళ్లు ఊడినాయి. కంతలోంచి లోపలికి దూరింది.

ఆమె ఎనకే పరిగెత్తుకొచ్చిన రెడ్డికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"రెడ్డీ, చేతులు చాపు!"

చాపినాడు. చేతుల్లో మనవడు పడినాడు. తరువాత ఈరమ్మ పాక్కుంటూ బయటపడింది. రెడ్డి బిడ్డను తల్లికిచ్చి, గడ్డపారతో కంతను పెద్దది చేసినాడు.

"సుంకులమ్మా, నువ్వూ రా తల్లీ!"

"ఎద్దులు కట్టేసుండాయి రెడ్డీ. పలుపులు ఇప్పి వస్తా."

మొదటి ఎద్దు వచ్చింది. రెండో ఎద్దు వచ్చింది. మూడో ఎద్దు కూడా వచ్చింది. సుంకులి రాలేదు. దూలాలు కాలి మిద్దె మట్టికప్పు ఒక్కసారిగా లోపలికి కూలింది.

రెడ్డి మిద్దె మళ్లీ కట్టుకున్నాడు. ఆ కంతను మాత్రం పూడ్చలేదు. దానికి గడప పెట్టి, పసుపు పూసినాడు.

ఇప్పటికీ ఆ సీమలో కొట్టం కడితే ఎనక గోడకు ఒక చిన్న దిడ్డి వదులుతారు. దిగులు దిడ్డి అంటారు దాన్ని. దానికి గడియ ఉండదు. ఇంట్లో ఆడది దేనికన్నా దిగులుపడితే, "సుంకులి పలికింది, విను" అంటారు. పురుడు వెళ్లిన రోజున పసిబిడ్డను ఆ దిడ్డిలోంచే బయటికి అందిస్తారు. తాతే అందుకోవాల. అందుకునేటప్పుడు ఆ తాత నవ్వకూడదంట.