పెంటి నరికిన మూడు కొమ్మలు

కొండలకి ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఒక కొండ కింద ఒక ఊరుండేది. ఊ కొట్టండి, చెబుతాను.

ఆ ఊళ్లో పెంటి ఉండేది. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. ఇదన్నా బతకాలని పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టారు. పెంటి బతికింది. పెళ్లయ్యాక మొగుడు బతకలేదు. మేకలు కాసుకుంటూ, వేసవిలో ఇప్పపూలు ఏరి ఎండబెట్టుకుని, ఏడాదంతా నెట్టుకొచ్చేది.

ఊరందరికీ ఇప్పతోపే ఆధారం. చెట్లు ముసలివైపోయాయి. పూలు తగ్గాయి. వాటి కింద వానలకు పిల్లమొక్కలు లేచేవి. మోకాలెత్తున ఆగిపోయేవి. మరుసటేడూ మోకాలెత్తే. ఆపై ఏడూ మోకాలెత్తే.

ఊరి పెద్ద సింగన్న, పెంటి మొగుడికి స్వయానా అన్న. మీసం దువ్వుకుని తీర్పు చెప్పేశాడు.

"ఈ ముండమోసిన దాని నీడ పడబట్టే మొక్కలు ఎదగట్లేదు. ఇక తోపులో అడుగు పెట్టకూడదు."

తోపు లేకపోతే పెంటికి తిండి లేదు. ఊరొదిలి పోవాల్సిందే.

సింగన్న పెళ్లాం నూకమ్మ ఊరుకోలేదు. "ఏటి మావా, రోజూ అంబలి తాగి ఆ చెట్ల కిందే గుర్రెట్టి తొంగుంటావు. నీ నీడేటి, సన్నంగా ఉంటాదా?"

ఊరంతా నవ్వింది. పెంటి నవ్వలేదు.

"బావా, మూడు వానాకాలాలు గడువియ్యి. మూడు చెట్లు తీసుకుందాం. మొదటిదాని కిందికి నేను పోను. రెండోది నీ ఇష్టం. మూడోది నాకొదిలెయ్యి."

"సరే. ఎదక్కపోతే నీ మేకల్ని తోలుకుని నీ దారి చూసుకో."

మొదటి చెట్టు కింద మూడేళ్లూ పెంటి నీడ పడలేదు. మొక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. దారాల్లాంటి కాడలు. అరచేయంత పలచటి ఆకులు. ఆకాశం కాస్త కనబడే వైపుకి మెడలు సాచుకుని ఉన్నాయి. "ఎండ కోసమే బావా" అంది పెంటి దూరం నుంచే.

సింగన్నకి ఓపిక తక్కువ. "ఎండ లేకే అంటావా? ఇదిగో ఎండ!" అని రెండో చెట్టుని ఆ మొదటి ఏడే, వానలకి ముందు నడివేసవిలో మోడు చేయించాడు. మూడు రోజుల్లో కింది మొక్కలు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి.

తొలకరి పడ్డాక పెంటి మూడో చెట్టెక్కింది.

"ఆడది చెట్టెక్కడమేటే!" అన్నాడు సింగన్న.

"పెంచేది నేను. ఎక్కేదీ నేనే."

చెట్టుని నిమిరింది. "జరుగమ్మా, పిల్లకి ఎండ తగలాలి" అంది. తూర్పున ఒక్క కొమ్మ నరికింది. మబ్బుల మధ్యనుంచి ఎండ మెల్లగా దిగింది. మరుసటేడు "జరుగమ్మా" అంది, ఇంకో కొమ్మ. ఆపై ఏడు "జరుగమ్మా" అంది, ఇంకో కొమ్మ. ముందు కొత్త ఆకులు చిన్నగా, దళసరిగా వచ్చాయి. తర్వాత కాడ లావెక్కింది. మూడో వానాకాలం పోయేసరికి మొక్కలు పెంటి తలదాటి నిలబడ్డాయి.

సింగన్న వచ్చి చూశాడు. ఒక మొక్క కాడని పట్టుకుని ఊపి చూశాడు.

"మరి ఆ నీడ ఎవరిదే పెంటీ?"

"చెట్టుదే బావా. దాని తప్పు లేదు. పిల్లల్ని కాపాడుతున్నాననుకుంది."

"నేను ఎండ ఇచ్చాను కదే. అవెందుకు పోయాయి?"

"చీకటింట్లో పెంచిన పిల్లని నట్టెండలోకి తోసి, నడవడం రాదని తిడితే ఏం లాభం? కొంచెం కొంచెంగా ఇవ్వాలి."

పెంటి ఊళ్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత తోపంతా ఆమె చెప్పినట్టే కొమ్మలు నరికారు.

ఆమె పెంచిన చెట్లు పూసేనాటికి ఆమె లేదు. పూలు రాలిన తొలి పొద్దున అందరూ గంపలతో వచ్చారు. మొదటి పువ్వు ఏరే హక్కు ఊరి పెద్దకే ఉండేది. ముసలి సింగన్న వంగబోయి ఆగిపోయాడు. వెనక దూరంగా, మొగుడు పోయిన పిల్ల ఒకతె ఒదిగి నిలబడి ఉంది.

"ముందు నువ్వు ఏరమ్మా" అన్నాడు.

ఇప్పటికీ ఆ ఊళ్లో అంతే. ఆ ఏడు ఊళ్లో మొగుడు పోయిన ఆడమనిషి లేకపోతే, పక్క ఊరినుంచి డప్పులు కొట్టించి మరీ తీసుకొస్తారు. ఆమె మొదటి పువ్వు ఏరి నోట్లో వేసుకుంటుంది. తీరిగ్గా నములుతుంది. ఆమె మింగేదాకా, ఊరి పెద్దయినా సరే, గంప చేత్తో పట్టుకుని నిలబడాల్సిందే.