పేరు లేని బ్యాడ్జి

ఏసుపాదం మెడలోంచి కెమెరా తీసి, దస్తగిరి ఉస్తాదు ముందు చాప మీద పెట్టాడు. పదకొండేళ్ల కిందట ఆ చేతుల్లోంచి తీసుకున్న కెమెరానే.

"మీది మీకు ఇచ్చేస్తున్నా ఉస్తాదూ. ఇక నా వల్ల కాదు. మా బావ సెల్‌ఫోన్ల కొట్లో కూర్చోమంటున్నాడు."

ఉస్తాదు టీ గ్లాసు కింద పెట్టాడు. గుంటూరులో, బెజవాడలో పెద్ద సభ ఏది జరిగినా ఒకప్పుడు ఫోటోలు ఆయనే తీసేవాడు. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. స్టూడియో మూసేశాడు. మతిమరుపు కూడా పట్టుకుంది. టీ తాగిన అరగంటకి, నా టీ ఏదమ్మా అని కోడల్ని అడుగుతున్నాడు.

"ఏమొచ్చిందిరా?"

"పశువైద్యుల సదస్సు, మూడు రోజులు. రెండు వేల మంది. రెండు రోజులు గడిచాయి. ఒక్కడు నన్ను పేరు పెట్టి పిలిస్తే ఒట్టు. 'ఏయ్ ఫోటో!' 'ఓ కెమెరా, ఇటు రా!' ఇంతే. నలుగురు ఒకచోట చేరి నవ్వుకుంటుంటారు. నేను వెళ్ళి నిలబడగానే ఆ నవ్వు ఆపి, కోటు సర్దుకుని, వేరే నవ్వు ఒకటి తగిలించుకుంటారు. నేను అటు తిరగ్గానే మళ్ళీ అసలు నవ్వు. పదకొండేళ్లుగా అసలు నవ్వు నా వీపుకే వినబడుతోంది."

ఏసుపాదం ఆగలేకపోయాడు.

"ఎప్పుడూ అదే హాలు. నా అన్నం పరదా వెనకాలే. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగే ఆయన ఒకడుంటాడు, ఆయన పక్కన నిలబడి తినేస్తా. అందరి మెడలోనూ పేరున్న బ్యాడ్జి. నా దాని మీద 'ఫోటోగ్రాఫర్' అని ఉంటుంది."

ఉస్తాదు కెమెరా పట్టీని వేళ్లతో తడిమాడు. తర్వాత దాన్ని శిష్యుడి వైపు జరిపాడు.

"ఇంకో రోజు ఉందిగా. రేపు సాయంత్రం ఇద్దువుగాని. నేనూ వస్తా."

మర్నాడు ఏసుపాదం ఇంకో బ్యాడ్జి సంపాదించి ఆయన మెడలో వేశాడు. దాని మీదా 'ఫోటోగ్రాఫర్' అనే ఉంది. ఉస్తాదు దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"పోనీలే. నేనెవరో మరిచిపోతే చూసుకోవచ్చు."

ఆఖరి ఉపన్యాసం సాయంత్రం నాలుగింటికి. రైళ్లకు టైమవుతోందని జనం భోజనాలు కాగానే జారుకున్నారు. రెండు వేల కుర్చీల హాల్లో ఇరవై మంది కూడా లేరు. నిర్వాహకుల్లో ఒకాయన ఏసుపాదం దగ్గరకొచ్చి, "చూడవయ్యా, ఖాళీ కుర్చీలు పడకూడదు" అని చెప్పి తానూ వెళ్లిపోయాడు.

ఆ ముక్క చెప్పక్కర్లేదు. ఖాళీ కుర్చీలు పడిన ఫోటోలిస్తే మళ్లీ పిలవరు. ఏసుపాదం వేదిక దగ్గరకు పోయి, మొహానికి దగ్గరగా మూడు తీసి, లెన్సుకు మూత పెట్టేశాడు.

మాట్లాడుతున్నావిడకి అరవై దాటి ఉంటాయి. గొర్రెల గిట్టలకు వచ్చే జబ్బు గురించి కాగితాలు చూసి చదువుతోంది. తల ఎత్తడం లేదు. ఎత్తితే కనబడేదేమిటో ఆమెకు తెలుసు.

అప్పుడు వెనక నుంచి కర్ర చప్పుడు వినబడింది. ఉస్తాదు నడిమి దారిన మెల్లగా నడిచి వచ్చి, మొదటి వరస మధ్య కుర్చీలో కూర్చున్నాడు. కర్ర మీద గడ్డం ఆనించి వినసాగాడు.

కాసేపటికి ఆమె తలెత్తింది. మళ్లీ కాగితం వంక చూడలేదు.

ఉపన్యాసం అయ్యింది. ఆమె వేదిక దిగి వస్తుంటే ఉస్తాదు లేచి ఎదురెళ్లాడు.

"అమ్మా, మీ పేరేంటి?"

ఏసుపాదానికి తల కొట్టేసినట్టయింది. తెర మీద ఆమె పేరు మూరెడేసి అక్షరాలతో వెలుగుతోంది.

"ఉస్తాదూ, అక్కడుంది కదా!"

"నేను తెరనడగలేదురా."

ఆమె ఒకసారి తెర వంక, ఒకసారి ఆయన వంక చూసింది. "ఊర్మిళండి" అంది. ముందు డాక్టర్ అన్న మాట పెట్టుకోలేదు.

"ఏ ఊరమ్మా?"

"కనిగిరి పక్కన పల్లె. మా నాన్న గొర్రెలు కాసేవాడు."

"అదీ సంగతి! ఈ గిట్టల గొడవ ఇంట్లోదేనన్నమాట."

ఆమె నవ్వింది. ఏసుపాదం చెయ్యి ఎప్పుడు మూత తీసిందో అతనికే తెలియదు. ఆమె వెనక ఖాళీ కుర్చీలు వరసలు వరసలుగా పడుతున్నాయి. అయినా నొక్కాడు. ఆమె కెమెరాను చూసింది. నవ్వు మారలేదు.

"మరి మీరు?" అని అడిగింది.

"దస్తగిరినమ్మా. వీడు మా ఏసుపాదం."

"వెళ్లొస్తానండీ దస్తగిరి గారూ. వస్తాను ఏసుపాదం గారూ."

ఏసుపాదం తన మెడలోని బ్యాడ్జి వంక చూసుకున్నాడు. తలెత్తేసరికి ఆమె గుమ్మం దాటిపోయింది.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే ఉస్తాదు అడిగాడు.

"ఆవిడ పేరేమన్నదిరా?"

"ఇప్పుడేగా అడిగారు!"

"అడిగా. పోయింది."

"ఇంతలోకే మరిచిపోయేదానికి అడగడం దేనికి ఉస్తాదూ?"

ఉస్తాదు మెట్టు మీద ఆగాడు.

"మరిచిపోయేది నేనురా. ఆవిడ కాదుగా."

ఇంకో రెండు మెట్లు దిగి చెయ్యి చాచాడు. "ఏదీ, కెమెరా ఇస్తానన్నావు." అది మాత్రం గుర్తుంది.

ఏసుపాదం పట్టీ మీద చెయ్యి వేశాడు. తీయలేదు. "ఒక్క నిమిషం ఇక్కడ కూర్చోండి ఉస్తాదూ" అని వెనక్కి తిరిగి మెట్లెక్కాడు.

హాల్లో సగం దీపాలు ఆర్పేశారు. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగే ఆయన ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే ఊడదీసి కుప్ప వేస్తున్నాడు. ఏసుపాదం ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. ఇద్దరూ ఎన్నిసార్లు పక్కపక్కన నిలబడి అన్నం తిన్నారో లెక్కలేదు.

"నీ పేరేంటన్నా?"

ఆయన చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఎవర్ని అడుగుతున్నాడోనని వెనక్కి తిరిగి చూశాడు.

అక్కడ ఖాళీ కుర్చీలు తప్ప ఎవరూ లేరు.